దర్వాజ మీది కలబంద

కాటారం దగ్గరి మా ఊర్లో దర్వాజకు కలబంద చెట్టును వేళ్లతో సహా తలకిందులుగా వేలాడదీస్తారు. మట్టి లేకపోయినా, నీళ్లు లేకపోయినా అది చాలాకాలం బతుకుతుంది. కట్టేది దిష్టికే. మా అవ్వ మాత్రం అది వాడిపోతే ఇంట్లో ఎవరికో బాగాలేనట్టేనని అనేది.

నేను జనగామలో ఉద్యోగం చేస్తున్నాను. ఫోన్‌లో ఒంట్లో ఎట్లుందని అడిగితే అవ్వ తిన్నగా చెప్పేది కాదు. "దర్వాజ మీద పచ్చగున్నది బిడ్డా, నాకేమైతది" అనేది. ఇలాంటివి నేను నమ్మను. అయినా ఊరికి పోయినప్పుడల్లా చెప్పులు విడవకముందే పైకి చూసేవాణ్ణి. పచ్చగానే ఉండేది.

పెరట్లోని కలబంద గుబురు మాత్రం తరుగుతూ వచ్చింది. కాలిన చోట రాయడానికి, తలకు పెట్టుకోవడానికి చుట్టుపక్కల ఆడవాళ్లు మట్టలు కోసుకుపోవడం మామూలే. ఈసారి సగం చెట్లే లేవు. అడిగితే, మేకలు తిన్నాయంది.

"గంత చేదు మేకలెట్ల తింటయే అవ్వా?"

"వాటికి గూడ కడుపుల మంటనేమో, నాకేమెరుక" అని నవ్వింది. నేనూ నవ్వాను.

వానాకాలంలో అవ్వ పోయింది. కడుపులో గడ్డ. భూపాలపల్లి దవాఖానకు తీసుకెళ్లేసరికే ఆలస్యమైందన్నారు.

దినాలయ్యాక ఇల్లు కడుగుతూ కలబందను దించాను. మొదట నేను దాన్ని కట్టింది రాగి తీగతో. ఇప్పుడు ఎర్ర దారం ఉంది. కింది నుంచి చూస్తే మట్టల వెనక కట్టు కనబడదు. వేళ్లకు ఇంకా మట్టి అంటుకొని ఉంది.

ఆ ఊర్లోనే ఉండే అక్క వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"దీన్ని ఎవరు మార్చిన్రు?"

అక్క తల ఎత్తలేదు. "నేనే తమ్మీ. నువ్వొస్తున్నవంటే చాలు, కొత్తది పెరికి కట్టుమనేది. వాడింది జూస్తే దవాఖానకు గుంజుకపోతవని. పొద్దుగాల గుజ్జు తింటే మంట తగ్గుతదన్నది. నీకు చెప్పనని ఒట్టేయించుకున్నది."

"చెట్టును మార్చితే రోగం పోతదా అక్కా?"

"పోదు. కట్టింది నేనే అయినా, పచ్చగున్నదాన్ని జూస్తే నాకు గూడ ధైర్యమనిపించేది."

ఆ సాయంత్రమే బస్సెక్కాను. చేరినంక ఫోన్ చెయ్యమంది అక్క. చేశాను. ఎట్లున్నవని అడిగాను.

"మంచిగున్న" అంది.

ఆ మాటను నమ్మాలో వద్దో నాకు తెలియలేదు.