కామేష్ జేబులో కూహో

మా సోనిది కొండ గొంతు. అరకు దగ్గర వాళ్ల ఊళ్లో ఒక్కో ఇల్లు ఒక్కో గట్టు మీద ఉంటుంది. పని పడితే నడిచి వెళ్లరు, "కూహో" అని పిలుస్తారు. విన్నవాళ్లు "ఓ" అని పలకాలి. అప్పుడు పిలిచినవాళ్లు పనేమిటో చెప్పాలి. పని లేకుండా పిలిస్తే ఊరంతా తిట్టిపోస్తుంది.

2008లో మేమిద్దరం తొమ్మిదో తరగతి. మా క్లాసులో బట్టల కొట్టువారి కామేష్‌కి కెమెరా ఫోను వచ్చింది. ఇక వాడి కాళ్లు నేల మీద ఆనలేదు. సంతలో సోని తన నాయనమ్మ సోములమ్మను "కూహో" అని పిలుస్తుంటే, ఆ గొంతు రికార్డు చేసి రింగుటోను పెట్టుకున్నాడు. బ్లూటూత్‌లో బడంతా పంచాడు. అది చాలక ఆర్కుట్‌లో "కూహో గుంట", అంటే కూహో పిల్ల, అని కమ్యూనిటీ తెరిచాడు. సోనిని ఎన్నడూ చూడనివాళ్లు కూడా అందులోకి వచ్చి "కూహో" అని రాసి, కోతి బొమ్మలు పెట్టి పోయేవారు.

నెట్ సెంటర్‌లో అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. సోని మాత్రం కుంగిపోయింది. బడికి రానంది. పిలవడమూ మానేసింది. నాయనమ్మను అన్నానికి రమ్మనాలన్నా గట్టు దిగి నడిచి వెళ్లేది. "గుంటకి గొంతు పోనాది భానూ" అని ముసలమ్మ నా దగ్గర బెంగపడింది.

శుక్రవారం సంతలో సోములమ్మ పసుపు అమ్ముతోంది. పక్కనే తల దించుకుని కూర్చున్న సోనిని, బడికి రమ్మని నేను బతిమాలుతున్నాను. అప్పుడే అటుగా వచ్చిన కామేష్ ఫోను మోగింది.

"కూహో..."

"ఓ" అని పలికింది సోములమ్మ. మిరపకాయల దగ్గర్నుంచి "ఓ". చింతపండు బుట్టల వెనకనుంచి "ఓ". కోళ్లవాళ్లు, కుండలవాళ్లు, జీపు టాపు మీదున్నవాళ్లు, అందరూ "ఓ". పిలుపు విని పలకకుండా ఉండటం వాళ్లకి చేతకాదు.

ముసలమ్మ పక్కకి చూసింది. "నువ్విక్కడే ఉన్నావు గదే. మరి పిలిసిందెవులు?"

ఫోను మళ్లీ మోగింది. చేసేది కామేష్ వాళ్లమ్మ, పట్టు వదిలే మనిషి కాదు. వాడు కంగారులో ఏవేవో బటన్లు నొక్కుతుంటే సంతంతా మళ్లీ "ఓ" అంది.

సోములమ్మ వెళ్లి వాడి చొక్కా పట్టుకుంది. "మా గుంట నీ జేబులో ఏటి సేత్తంది బాబూ?"

"ఫోనండి. ఊరికే పెట్టుకున్నాను."

"ఊరికే పిలుత్తారేటి? పిలిసినావు. పనేటో సెప్పు."

చుట్టూ మూగినవాళ్లంతా అదే అడిగారు, ఎంతో మర్యాదగా. వాడు చివరికి "పావుకిలో పసుపు" అన్నాడు.

"ఆ ముక్క బేగి సెప్పొచ్చు గదా" అని తూచి ఇచ్చింది ముసలమ్మ.

సోని నవ్వింది. పసుపు బస్తా మీద పడి కడుపు పట్టుకుని నవ్వింది. నాకు ఆనందంతో ఏడుపొచ్చింది.

అటునుంచి అటే నన్ను నెట్ సెంటర్‌కి లాక్కుపోయింది. "కూహో" అని రాసిన ప్రతివాడి కిందా నా ఖాతాలోంచే ఒకటే జవాబు కొట్టింది: "ఓ. నేనే సోనిని. పిలిసినారు గదా, పనేటో సెప్పండి."

ఆదివారం వెళ్లి చూశాం. ఒక్కడికీ పని లేదు. కమ్యూనిటీయే లేదు.

సోమవారం హాజరు వేస్తూ మాస్టారు "సోని" అన్నారు. క్లాసంతా సోని వైపు తిరిగింది.

"ఓ" అని పలికింది సోని, ఎదుటి గట్టుకి వినబడేలా.

కామేష్ ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు.