ఇరవై ఏడో ప్రశ్న

మా పిన్ని ఉద్యోగం జవాబులు రాయడం. లిఫ్టులు బాగుచేసే చిన్న కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆస్పత్రులూ ఆఫీసులూ తమ లిఫ్టులు ఎలా చూసుకుంటారో చెప్పమని ప్రశ్నలు పంపి ప్రపోజల్ అడుగుతాయి. జవాబులు నచ్చితే పని వస్తుంది. చాలామంది పాత ప్రపోజల్ తీసి, పేరు మార్చి పంపేస్తారు. పిన్ని మాత్రం పని చేసేవాణ్ణి అడగందే ఒక్క ముక్క రాయదు. అడిగితే ఒక పట్టాన వదలదు. అందుకే మెకానిక్‌లు ఆమెని ప్లీడరమ్మ అంటారు.

కిందటేడు ఒక పెద్ద ఆస్పత్రి నుంచి నలభై ప్రశ్నలు వచ్చాయి. ఇరవై ఏడోది: లిఫ్టు మధ్యలో ఆగిపోతే అరగంటలో మనిషి వస్తాడా? పిన్ని మెట్లు దిగి వర్క్‌షాప్‌లోకి వెళ్లింది.

"ఆదివారం ఫోనొచ్చిందనుకో. ఎంతసేపట్లో వెళ్తావు? నిజం చెప్పు."

పెద్ద మెకానిక్ చేతి గ్రీజు తుడుచుకున్నాడు. "నాకు బండి మీద గంటమ్మా. రెండోవాడికి ముప్పావుగంట."

పిన్ని అదే రాసింది. ఆస్పత్రి దగ్గర్లో ఉండే మూడో మనిషిని పెట్టుకుంటే అరగంటలో రాగలమని కింద చేర్చింది.

యజమాని తల పట్టుకున్నాడు. "అందరూ అరగంటనే రాస్తారమ్మా. మనమూ రాస్తే మన సొమ్మేం పోతుంది?"

"మనదేం పోదండీ. లోపల ఇరుక్కున్నవాళ్ల ప్రాణం పోతుంది."

గడువు ఆ రోజే కావడంతో ఆయన గొణుక్కుంటూ సంతకం పెట్టాడు.

పని రాలేదు. పావుగంటలో వస్తామని రాసినవాళ్లకి పోయింది. మాటలు కోటలు దాటడమంటే అదే. మర్నాడు యజమాని పిన్నిని ఫోన్లెత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆమె కుర్చీ తన బావమరిదికిచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"మానెయ్ పిన్నీ," అన్నాను.

"మానేసి ఏం చెయ్యనురా? నాకు చేతనైంది ఆ రాతొక్కటే. అదీ తీసేసుకున్నారు."

మర్నాడు మామూలు వేళకే ఆ ఫోన్ల బల్ల దగ్గరికి వెళ్లింది.

ఆరు నెలలకి ఆ ఆస్పత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక నర్సూ, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయనా. పావుగంటలో రావలసిన మనిషి రెండున్నర గంటలకి వచ్చాడు. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు, అదృష్టం. ఆస్పత్రి మళ్లీ ప్రపోజల్ అడిగింది.

బావమరిది ఇరవై ఆరు జవాబులు పాత కాగితాల్లోంచి దించేసి, ఇరవై ఏడు దగ్గర చతికిలబడ్డాడు. ప్రశ్న మారింది. మీకు మెకానిక్‌లు ఎందరు? ఒక్కొక్కరికి ఇంటి నుంచి ఇక్కడికి ఎంతసేపు? రోజూ వాళ్లతో టీ తాగే మనిషికి వాళ్ల ఇళ్లెక్కడో తెలియదు.

యజమాని ఆ కట్ట తెచ్చి ఫోను బల్ల మీద పెట్టాడు. పిన్ని ఆ ప్రశ్న రెండుసార్లు చదివింది. తను రాసిన జవాబునే ప్రశ్నగా మార్చారని తెలిసి కళ్లు తుడుచుకుంది.

"ఈసారి అరగంటని రాస్తావామ్మా?" అన్నాడాయన, మెల్లగా.

"మూడో మనిషిని పెట్టండి, రాస్తాను. ముందు నా కుర్చీ ఇప్పించండి."

"పెడతాను," అని ఆయన బావమరిది వైపు చూశాడు.

కుర్చీ ఖాళీ అయింది. పిన్ని వెంటనే అందులో కూర్చోలేదు. కాగితం, కలం తీసుకుని వర్క్‌షాప్ మెట్లు దిగింది.