వారానికొక్క బిళ్ళ

నాన్న వేళ్ళు వంకర్లు పోతున్నాయని రాయగడలోనే డాక్టరుకు చూపించాం. కీళ్ళవాతం అన్నాడు. చిన్న పసుపు బిళ్ళ రాసి, "వారానికి ఒక్కటే. ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది" అని నాకు రెండుసార్లు చెప్పాడు.

నాన్నది సంతల్లో ఎండుమిర్చి, వెల్లుల్లి అమ్మే వ్యాపారం. నొప్పులతో మిగతా సంతలన్నీ మానేసి, అప్పటికి వారానికొకసారి గుడారి సంతకు మాత్రం వెళ్తున్నాడు. తెలివంతా నాదే కదా! అమ్మ మరిచిపోకుండా ఉపాయం చెప్పాను. "నాన్న సంతకెల్లిన రోజు సద్దితోపాటు బిళ్ళ ఇచ్చేయమ్మా, అంతే." గుణుపురంలోని మా అత్తవారింటికి వచ్చేశాను.

బిళ్ళ పనిచేసింది. రెండు మూడు నెలల్లో నాన్న మూటలు తనే కట్టుకుంటున్నాడు. ఫోనులో ఒకటే సంబరం. "అమ్మీ, తెరుబలి సంత మళ్ళీ పట్టేను. టికిరి కూడా ఎల్తన్నాను!" నేనూ సంబరపడ్డాను. నా మట్టిబుర్రకు తట్టలేదు. సంతలు పెరిగినకొద్దీ బిళ్ళలూ పెరిగాయి. అయిపోతే పాత అట్ట చూపించి మందుల కొట్లో తెచ్చుకున్నారు. అమ్మ ఒక్క సంతా తప్పించలేదు.

కొన్నాళ్ళకు నాన్న నోరంతా పుళ్ళు. మంచినీళ్ళూ దిగడం లేదు. మిర్చి ఘాటుకేమో అనుకున్నారు. తర్వాత జ్వరం. నేను పరుగున వచ్చేసరికి ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరవలేకుండా ఉన్నాడు. రక్తం రిపోర్టు చూసి డాక్టరు, "వారానికెన్ని బిళ్ళలు వేశారు?" అని అడిగాడు. అమ్మ సంతల పేర్లు చెప్పుకుంటూ ఐదు వేళ్ళూ మడిచింది.

నా నోరు పడిపోనూ, ఏ గడియలో చెప్పానో ఆ మాట!

"ఇలా ఇమ్మని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు డాక్టరు.

అమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. "ఎవులూ సెప్పలేదు బాబూ. మా అమ్మి వారానికొకటే అంది. నానే మరిసిపోయేను."

డాక్టరు వార్డులో అందరి ముందూ అమ్మను తిట్టాడు. అమ్మ చేతులు కట్టుకుని విన్నది. నేను చెప్పానండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నాన్న దుప్పటి సర్దుతూ ఉండిపోయాను.

ఐదో రోజున నాన్న పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు, "ఎంత పని సేసేవే" అని అమ్మనే అన్నారు. ఇప్పటికీ ఎవరడిగినా అమ్మ అదే చెబుతుంది, నానే మరిసిపోయేనని. నేను పక్కనే ఉంటాను. ఒక్కసారైనా కాదనలేదు.