స్పామ్ డబ్బాల పడ్డ నోటీసు

సంఘం సెక్రటరీకి ఆ రోజు నా మీద ఎగరడానికి మంచి సాకు దొరికింది. నమస్తే లేదు, ఏం లేదు. "మేడమ్, మీ సర్వర్ ఎందుకూ పనికిరాదు. నోటీసు ఒక్కరికి గూడ ముట్టలే" అని ఫోన్ల మొదలువెట్టిండు.

కంచన్‌బాగ్ దిక్కు ఒక ఫ్యాక్టరీల రిటైరైనోళ్ల సంఘం అది. మా బాపు అండ్ల మెంబరు. నేను కాలేజీల కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంట కాబట్టి, సంఘం మెయిలింగ్ లిస్ట్ నడిపే పని నా నెత్తిన వెట్టిన్రు. సంఘం అడ్రస్‌కు ఒక్క మెయిల్ రాస్తే మెంబర్లందరికీ పోవాలె, అంతే దాని పని. జీతం లేదు. మెచ్చుకున్నోడు లేడు. తిట్లు మాత్రం టైంకు వస్తయి.

ఈసారి పోయిన నోటీసు మామూలుది కాదు. మెడికల్ కార్డుల రెన్యువల్‌ది. ఫారం అండ్లనే ఉన్నది. దాని మీద సెక్రటరీ సంతకం తీసుకొని గడువుల ఇయ్యకపోతే ఆస్పత్రిల కార్డు నడ్వదు. మా పక్కింటన్న ఆ ఫ్యాక్టరీల క్రేన్ నడిపినాయన. వదినెకు డయాలసిస్ నడుస్తున్నది. కార్డు చూపిస్తేనే మిషన్ తగిలిస్తరు. ఫోన్ పెట్టేసి గోడ మీదికెల్లే అడిగిన.

"అన్నా, కార్డు మెయిల్ వచ్చిందా?"

"ఏం కార్డమ్మా?" అన్నడు, పేపర్ల మొకం వెట్టుకొని.

శుక్రవారం గడువు. ఆయనకు ఆ సంగతే తెల్వదు.

సర్వర్ తెరిచి కూసున్న. బయటి చెత్తను నేను అంతకుముందే కట్టేసిన. లాటరీలోడు, మోకాళ్ల నూనెలోడు, ఎవడు రాసినా లోపలికి రాకుండ, మెంబర్ల మెయిళ్లే పోయేటట్టు చేసిన. మెయిల్ నిజంగ మా సర్వర్ నుంచే పోయిందని రుజువు చేసే ముద్ర గూడ సక్కగనే పడుతున్నది. అయినా పెద్ద మెయిల్ కంపెనీకెల్లి ఒకటే జవాబు: మీ దగ్గరికెల్లి వచ్చే మెయిళ్లను మా వాడకందార్లే స్పామ్ అంటున్నరు, అందుకే ఆ చెత్త డబ్బాలకు తోస్తున్నం. అంటే మా ముసలోళ్లే మా సంఘాన్ని స్పామ్ అంటున్నరు! ఏ దేశంల దొంగోడు దూరిండో అని నేను వెతుక్కుంట కూసుంటే, దొంగ ఇంట్లనే ఉన్నట్టున్నది.

"అన్నా, మెయిల్ యాడ చూస్తవు?"

"నేనేడ చూస్తనమ్మా? గల్లీ మూలకు భాయ్ ఉండు గద, ఆయనే చూస్తడు."

గల్లీ మూలకున్న ఆన్‌లైన్ సెంటర్ భాయ్. కరెంటు బిల్లు, పెన్షన్ కాగితాలు, ఆధార్, అన్నీ ఆయన దగ్గర్నే. మా ముసలోళ్లందరికీ మెయిల్ ఖాతాలు తెరిచింది ఆయనే. పాస్‌వర్డులు గూడ ఆయన దగ్గర్నే. వీళ్లకు తాళం ఉన్నదనే తెల్వదు. అన్నను వెంటవెట్టుకొని పోయిన. భాయ్ అన్న ఖాతా తెరిచి, నేను చూస్తుండంగనే, సంఘం మెయిళ్లన్నీ గీత గీసినట్టు ఎంచుకొని 'స్పామ్' నొక్కిండు.

"ఏం జేస్తున్నవ్ భాయ్?" అని అరిచిన.

"సఫాయి, మేడమ్. రోజ్ ఫూల్ ఆతే. రోజ్! డబ్బా భర్ గయా తో పెన్షన్ కా మెయిల్ కిదర్ సే ఆతా?" రోజూ వచ్చే పూలతోని డబ్బా నిండితే పెన్షన్ మెయిల్ రాదని ఆయన భయం.

"డిలీట్ కరో నా!"

"డిలీట్ కరే తో కల్ ఫిర్ ఆతా. స్పామ్ కరే తో నై ఆతా" అన్నడు, డిలీట్ చేస్తే రేపు మళ్ల వస్తది, స్పామ్ అంటే రాదని నాకు పాఠం చెప్తున్నట్టు.

ఇంతకు ఆ పూలు ఎవరియి? సెక్రటరీవి. పొద్దుగాల లేస్తె చాలు, దేవుడి ఫోటో చుట్టూ గులాబీలు, కింద 'శుభోదయం', నా లిస్ట్ మీదికెల్లి అందరికీ. మెంబరు కాబట్టి ఆపే రూలు లేదు. భాయ్ గల్లీల ముసలోళ్లందరి డబ్బాలల్ల వాటిని స్పామ్ చేసుకుంట వచ్చిండు. మా లిస్ట్‌కెల్లి వచ్చేదంత స్పామేనని మెయిల్ కంపెనీ గూడ నమ్మింది. పూల ఎంబడి నోటీసు గూడ పోయింది.

స్పామ్ డబ్బాలకెల్లి నోటీసు తీపిచ్చి, ఫారం ప్రింట్ కొట్టిచ్చి అన్న చేతిల వెట్టిన. తర్వాత భాయ్ పక్కన స్టూల్ ఏసుకొని, ఒక్కొక్క ఖాతా తెరిపిచ్చి 'స్పామ్ కాదు' అని నొక్కిచ్చిన. "దుకాన్ బంద్ కరాతే క్యా మేడమ్" అని సణుక్కుంటనే నొక్కిండు. అందరికీ ఫోన్లు గూడ చేసిన. ఇంటికొచ్చి చేసిన మొదటి పని, సెక్రటరీ మెయిల్ నేను ఒప్పుకుంటేనే పోయేటట్టు ఆపివెట్టుడు.

అన్న ఫారం తీస్కపోతే సెక్రటరీ పొద్దంత కూసోవెట్టి సంతకం చేసిండట. చేసి, "ఆదివారం మీటింగుకు తప్పకుండ రా" అన్నడట.

ఆదివారం మీటింగ్ నా గురించే.

"సెక్రటరీ మెయిల్ ఆపేటందుకు నువ్వెవరమ్మా?" అన్నడు సెక్రటరీ. ఫోన్ల మేడమ్, మీటింగుల అమ్మా.

"మీ పూలతోనే నోటీసు మునిగింది సార్."

"దేవుడి ఫోటో స్పామా? ఇన్నరా, దేవుడి ఫోటో స్పామట!"

కుర్చీలల్ల గుసగుస లేచింది. ఇట్ల తిప్పుతడని నాకు తెలుసు.

"దేవుడు మంచిగనే ఉండు సార్. ఆయన కింద మీ ఫోటో, మీ హోదా, మీ ఫోన్ నంబర్ ఎందుకున్నయి?"

ఎనక కుర్చీలకెల్లి ఎవరో కిసుక్కున నవ్విన్రు. సెక్రటరీ మొకం కందిపోయింది. "చేతులెత్తుండ్రి" అన్నడు. సెక్రటరీ మెయిళ్లను ఆపుడు తీసెయ్యాలె అన్నోళ్ల చేతులే ఎక్కువ లేచినయి. వాటిల్ల మా పక్కింటన్న చెయ్యి ఉన్నది. చెయ్యి మీదికి, చూపు ఫ్యాన్ మీదికి.

తిరిగొచ్చేటప్పుడు ఒకే ఆటోల కూసున్నం. ఆటో అఫ్జల్‌గంజ్ దాటింది.

"కార్డు వచ్చిందమ్మా" అన్నడు అన్న.

"మంచిగైంది."

"యేటేటా ఫారం మీద సంతకం ఆయనదే గద."

"తెలుసన్నా."

తెలుసు. ఆయన జాగల నేనుంటే నేను గూడ ఎత్తుదునేమో. అయినా ఆ చెయ్యిని నేను మాఫ్ చెయ్యలే. వదినె కోసం సహిస్తున్న, అంతే. గోడ మీదికెల్లి కూర గిన్నె ఇస్తే తీసుకుంట, మాట మాత్రం వదినెతోనే.

తీర్మానం సంగతంటరా? మీటింగుల సెక్రటరీ నా మొకం మీద వేలు చూపి "ఇయ్యాల్నే తీసెయ్యాలె" అన్నడు. "సరే సార్, తీర్మానం రాసి లిస్ట్ అడ్రస్‌కు పంపుండ్రి, అది అందరికీ పోయినంక తీసేస్త" అన్న. పంపిండు. ఆయన మెయిల్ గద, నా ఒప్పుకోలు కోసం ఆగింది. ఫోన్ చేస్తే "చూస్తున్న సార్" అంటున్న. వచ్చే యేడు కార్డుల నోటీసు మళ్ల పోవాలె, వదినె కోసం అన్న డబ్బాల పడాలె. అప్పటిదాంక చూస్తనే ఉంట.