అమ్మవారి కాళ్ల దగ్గర మందు సీసా

ముందు నొప్పి గురించి చెప్పాలి. లేకపోతే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకింత కోపం ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

నా కుడి దవడ నరంలో నొప్పి. పన్ను నొప్పి కాదు. పన్ను నొప్పే అనుకుని, శుభ్రంగా ఉన్న రెండు పళ్లు పీకించుకున్నాక తెలిసింది కాదని. మొహానికి చల్లగాలి తగిలినా, అన్నం ముద్ద అటువైపు జరిగినా, చెవి నుంచి పెదవి దాకా కరెంటు షాకు కొట్టేది. మాదన్నపేటలో మా రెండు గదుల ఇంట్లో నేను జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. కుట్టు అయిపోగానే దారం పంటితో పుటుక్కున కొరకడం నా అలవాటు. నొప్పి వచ్చాక ఒక్క దారప్పోగు కోసం కత్తెర వెతుక్కోవాల్సి వచ్చేది. మొహం కడుక్కోవాలంటే కూడా భయమే.

దవాఖానలో డాక్టరమ్మ ఒక తెల్ల మాత్ర రాసిచ్చింది. రోజుకు మూడు. ఆరేళ్లు మింగాను. నొప్పి చెప్పుచేతల్లోకి వచ్చింది గానీ తల తూలేది, మధ్యాహ్నం మిషను మీదే కునుకు పట్టేది. మా అత్తమ్మకు అవి "మత్తు గోలీలు". "గియి మింగి మింగి నరాలు సచ్చుపడ్తయి బిడ్డా" అని రోజూ ఒకసారైనా అనేది. ఆమె మంచిదే. నొప్పితో నేను గోడకు తల కొట్టుకున్న రోజున నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడ్చిన మనిషి.

ఆ ఏడు ఎండాకాలానికి నొప్పి జాడ లేక ఎనిమిది నెలలు. దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ నన్ను చూసి, బయట బల్ల మీద కూర్చోమని, మా ఆయనతో లోపల చాలాసేపు మాట్లాడింది. ఆయన సర్కారు ఫ్యాక్టరీలో గుమాస్తా. ఇంగ్లీషు వచ్చు, అందుకని. నొప్పి నాది, దవడ నాది, మింగేదాన్ని నేను, మాటలు మాత్రం ఆయనతో! బయటికి వచ్చాక ఏమన్నదని అడిగాను.

"మంచిగనే ఉన్నవంట. ఇగ మందు తగ్గించొచ్చంట" అన్నాడు. అంతే. ఎట్లా తగ్గించాలో, ఎంతకాలం పడుతుందో ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు. ఎందుకు అడగలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అత్తమ్మ చేతులెత్తి మొక్కింది. నొప్పి పోతే కోడలితో బోనం ఎత్తిస్తానని, మందు సీసా తెచ్చి అమ్మవారి కాళ్ల దగ్గర పెడతానని ఆమె ఏనాడో మొక్కుకుందట. మా దగ్గర మొక్కు తీర్చాక వెనక్కి తిరగకూడదు. నయమైందని తల్లికి అప్పజెప్పి, మళ్లీ మందు మింగితే ఆ తల్లిని నమ్మనట్టే. నేను మా ఆయన మొహం చూశాను. ఆయన పేపరు తిరగేస్తున్నాడు. ఆషాఢం, బోనాల ముందు గురువారం, సీసా నా చేతులతోనే గుళ్లో పెట్టాను. నేనూ అమ్మవారి బిడ్డనే. ఆ పొద్దు సంతోషంగానే పెట్టాను. అంతదాకా రోజుకు మూడు మింగినదాన్ని, ఆనాటి నుంచి ఒక్కటీ ముట్టలేదు.

శనివారానికి నొప్పి తిరిగొచ్చింది. చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, చిన్న చప్పుడుకే ఉలికిపడుతున్నాను. "ఒక్కపొద్దు గద, నీరసం" అన్నారు. ఆదివారం పసుపు చీర కట్టి, వేపమండలు కట్టిన కుండ నెత్తిన పెట్టుకుని వరుసలో నిలబడ్డాను. డప్పులు దగ్గరికి రావడం గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు.

మిగతాది మా పక్కింటామె చెప్పింది. కుండ జారి పగిలిందట. నేను కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నానట. కళ్లు తేలేశానట, నాలిక కొరుక్కుని నోట్లోంచి రక్తం. వేరే రోజైతే ఎవరైనా రిక్షా పిలిచేవారు. బోనాల నాడు, గుడి ముందు, పసుపు చీరలో ఉన్న ఆడదానికి వణుకు వస్తే ఇంకేమనుకుంటారు? "అమ్మొచ్చింది! శిగం వచ్చింది!" అని, పూనకమే అనుకుని కేకలేశారు. డప్పులు ఇంకా గట్టిగా కొట్టారు. మొహాన పసుపు నీళ్లు కుమ్మరించారు. వణుకు ఆగి నేను గుడ్లప్పగించి కూర్చుంటే, చేతిలో వేపమండ పెట్టి ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. "వానలు పడ్తయా తల్లీ?" "మా పిల్లకు సంబంధం కుదురుతదా?" మా వీధి చివరి పెద్దమనిషి తన ట్రాన్స్‌ఫర్ గురించి అడిగాడట! నాలిక తెగి రక్తం కారుతున్న మనిషిని ట్రాన్స్‌ఫర్ గురించి అడిగాడు. నేను ఏదో గొణిగితే, అవుతుందన్నానని సంబరపడ్డాడు. నోటి రక్తం తుడిచినవాళ్లు ఒక్కరు లేరు.

సోమవారం నాలిక వాచి మాట సరిగా రావడం లేదు, తల పగిలిపోతోంది. గుమ్మంలో నిమ్మకాయలు పట్టుకుని నలుగురు ఆడవాళ్లు నా కాళ్లు మొక్కడానికి కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన్ని లోపలికి పిలిచి, మందు మానేసినందుకే ఇలా అయిందేమో, దవాఖానకు పోదాం అన్నాను.

"ఇప్పుడు పోతే బస్తీల ఏమనుకుంటరు? అమ్మ మనసు కష్టపడ్తది. నాల్గొద్దులు ఆగు" అన్నాడు.

అటు అమ్మవారు, ఇటు ఆయనగారి అమ్మ. నడుమ నేను అడకత్తెరలో పోకచెక్కలా.

మంగళవారం తెల్లవారగానే దవడ మళ్లీ గుంజింది. ఎవరికీ చెప్పకుండా కొంగు మొహానికి కప్పుకుని గుడికి నడిచాను. ముసలి పూజారి మెట్లు కడుగుతున్నాడు. మా అమ్మవారి గుళ్లో పూజారులు కుమ్మరివాళ్లే. ఈయన నాకు పెళ్లై వచ్చిన నాటి నుంచి తెలుసు.

"బాపూ, నా మందు సీసా నాకు కావాలె" అన్నాను. తిడతాడని కాచుకునే ఉన్నాను.

ఆయన లోపలికి పోయి సీసా తెచ్చి, అంటిన పసుపు పంచెకు తుడిచి ఇచ్చాడు. "అమ్మకు గోలీలెందుకు బిడ్డా? నీ పానం మంచిగుంటె గదే ఆమెకు బోనం. తీస్కపో."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో పూజారే ఇచ్చాడు. ఇంట్లోవాళ్లే ఇవ్వలేదు.

అటు నుంచి అటే దవాఖానకు వెళ్లాను, ఒంటరిగా, జీవితంలో మొదటిసారి. జరిగిందంతా విని డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఒక్కసారిగా ఆపొద్దని, ఆపితే కొందరికి ఫిట్స్ వస్తాయని మీ ఆయనకు రెండుసార్లు చెప్పానమ్మా. ఎట్లా తగ్గించాలో కాగితం మీద కూడా రాసిచ్చాను."

ఆ కాగితం ఆయన ఫ్యాక్టరీ సంచిలో దొరికింది, నాలుగు మడతలుగా. ఆయనకు అంతా తెలుసు. గురువారం నేను గుడిలోకి సీసా పట్టుకుపోతుంటే తెలుసు. పండగ పూట తల్లికి ఎదురు చెప్పలేక ఊరుకున్నాడు. పెళ్లైనప్పటి నుంచి "మీరు" అన్నదాన్ని, ఆ రోజు "నువ్వు" అన్నాను. "నేను సస్తె సుత పేపర్ సదువుకుంట కూసుందువా నువ్వు?" అన్నాను. అత్తమ్మ వంటింటి గడపలో నిలబడి విన్నది.

డాక్టరమ్మ మందు మళ్లీ మొదలుపెట్టించింది. నొప్పి సద్దుమణిగి కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే తగ్గించడం అంది. పదిహేను రోజులకోసారి అర మాత్ర చొప్పున. నడుమ నొప్పి గానీ, వణుకు గానీ వస్తే ఒక మెట్టు వెనక్కి పోయి ఆగాలి, సొంత తెలివి వాడొద్దు. "ఈసారి నువ్వే రా. నీతోనే మాట్లాడతాను" అంది. ఆ మాట మొదటిసారే అని ఉంటే నా నాలిక మీద ఈ మచ్చ ఉండేది కాదు. ఆమె మీదా నాకు కోపం ఉంది. ఎందుకు దాచాలి?

దీపావళి వెళ్లాక మొదలుపెట్టాను. మాత్రను సగం చేయడానికి కత్తి పనికిరాలేదు, పొడైపోయేది. అత్తమ్మ పోకచెక్కలు కత్తిరించే అడకత్తెర అడక్కుండానే తీసుకున్నాను. మిషను పక్కన గోడ మీద, బట్టకు గీతలు పెట్టే సుద్దతో పదిహేను గీతలు. రోజుకొకటి తుడవడం. రెండున్నర, రెండు, ఒకటిన్నర దాకా సాఫీగా దిగాను. చలిగాలుల్లో దవడ చురుక్కుమంది. దవాఖానకు పోయి, ఒక మెట్టు వెనక్కి వెళ్లి, నెల పైన అక్కడే ఆగిపోయాను.

"ఇంకెన్నొద్దులు గీ లొల్లి? రెండు మాత్రలే గద, ఏమైతది, బందు వెట్టు" అన్నాడు మా ఆయన. నేను నాలిక బయటికి చాపి మచ్చ చూపించాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇంకో రోజు నేను మాత్ర కోస్తుంటే వేళ్లు తడబడి ముక్క ఎగిరి నేలన పడింది. అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఇటియ్యి, నీకు చాతగాదు" అని అడకత్తెర లాక్కుంది. మాత్ర మీది గీతను సరిగ్గా అడకత్తెర నడుమ పెట్టి టక్కున నొక్కింది. రెండు సమానమైన ముక్కలు. ఆనాటి నుంచి ఆఖరి దాకా నా మాత్రలు ఆమే కోసింది. తప్పైందని నోటితో అనలేదు. నేనూ అడగలేదు, కానీ మనసులో మంట మాత్రం ఆరలేదు.

ఎండలు ముదిరాక ఆఖరి అర మాత్ర కూడా పోయింది. నొప్పి రాలేదు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. పోయినేడు పగిలిన బోనం బాకీ ఉందని నేనే కుండ ఎత్తుకున్నాను. వీధి వీధంతా నా మొహమే చూస్తోంది. నేను గుడి ముందుకు రాగానే డప్పులవాళ్లు దరువు పెంచారు. వేపమండలు పట్టుకుని ఆడవాళ్లు చుట్టూ చేరారు. ట్రాన్స్‌ఫర్ పెద్దమనిషి కూడా ముందు వరుసలోనే ఉన్నాడు. నేను తిన్నగా నడిచి, మెట్లెక్కి, బోనం దించి, దండం పెట్టుకుని తిరిగాను.

"ఈసారి అమ్మ రాలేదే ఈమె మీదికి" అంది వెనక నుంచి ఒకామె, చిన్నబుచ్చుకుని.

నా వెంటే వస్తున్న అత్తమ్మ ఆగింది. అందరికీ వినబడేటట్టు అంది: "పోయినేడు సుత రాలే. నేను దాని మందు బందు వెట్టిచ్చిన. అందుకే పడ్డది."