నాంపల్లి డోరా, నలభై బోర్డులు

నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో వామన్‌రావు ప్రెస్సు ఉండేది. మా బడి ప్రశ్నపత్రాలన్నీ అక్కడే అచ్చయ్యేవి. వాటిని కంపోజ్ చేసేది డోరా. మెదక్ అమ్మాయి, మెట్రిక్ పాసయింది. సీసపు అక్షరాలు ఏరి వరసగా పేర్చడం ఆమె పని. కాయితం మీద తిన్నగా పడాలంటే సీసంలో అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండాలి కదా. తొమ్మిదేళ్లు ఆ పని చేసేసరికి డోరాకు తిరగబడ్డ తెలుగే అసలు తెలుగైపోయింది. ఒకసారి నేనిచ్చిన రైలు లెక్కలో ప్లాట్‌ఫారం పొడవు మరిచిపోయానని ఆ సీసం వరసలు చూసే చెప్పింది. నిజమే, మరిచిపోయాను. స్టాఫ్ రూంలో ఆ సంగతి చెప్పలేదనుకోండి, ఎందుకు చెబుతాను.

1972లో ఊరి చివర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ ట్రేసర్ల కోసం, అంటే నమూనా గీతలు దించేవాళ్ల కోసం, ప్రకటన వేసింది. మెట్రిక్ చాలు, చూపు బాగుండాలి, చెయ్యి వణకకూడదు. డోరాకు ఉద్యోగం వచ్చింది, ఆరు నెలల ప్రొబేషన్ మీద.

"జర సోంచాయించు డోరమ్మా," అన్నాడు వామన్‌రావు. "గాడ నచ్చకపోతే ఆర్నెల్లకు ఇంటికి పంపుతరు. నేనైతే వేరే మనిషిని పెట్టుకుంట, ముందే చెప్తున్న."

"పెట్టుకోండ్రి సార్. గీడ తొమ్మిదేండ్ల కింద కంపోజిటర్నే, ఇంకో తొమ్మిదేండ్లయినా కంపోజిటర్నే. గాడ మీదికి మెట్లున్నయంట."

"మెట్లుంటే మోకాళ్ల నొప్పులు గూడ ఉంటయి."

డోరా రోజూ పొద్దున్నే ఆబిడ్స్‌లో బస్సెక్కేది. రేడియో లోపల ఎప్పుడైనా చూశారా? అట్టలాంటి బోర్డు మీద సన్నని రాగి గీతలుంటాయి, తీగలకు బదులు కరెంటు వాటి వెంట పోతుంది. ఆ గీతల నమూనాను ముందుగా గాజులాంటి పల్చని షీటు మీద నల్ల టేపుతో అంటించాలి. ఏ భాగం ఎక్కడ బిగించాలో చెప్పే అంకెలు పక్కన సన్నటి పాళీతో రాయాలి. ఆ షీటును ఫోటో తీసి రాగి మీదికి దించుతారు. మొదటి నాలుగు నెలలు డోరా పక్కవాళ్ల షీట్లు సరిచూసింది, అదీ తన కళ్లకు అలాగే తేలికని వెనక్కి తిప్పి పెట్టుకునే. అయిదో నెలలో ఒక పెద్ద షీటు ఆమె ఒక్కదానికే ఇచ్చారు. మూడు వారాలు పట్టింది.

అచ్చుకు పోయేదేదైనా తిరగేసి పేర్చాలని డోరా చేతికి తెలుసు. ఇక్కడ ఆ తిప్పే పని ఫోటో గదివాళ్లే చూసుకుంటారని తెలియదు. మిగతావాళ్లకు ఆ అనుమానమే రాలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. నమూనా మొత్తం తిరగేసి అంటించింది. ఫోటో గది మనిషి రూలు ప్రకారం టేపు వైపు పైకి పెట్టి ఫోటో తీశాడు. నలభై బోర్డులు తయారై వచ్చాయి. కుడివైపు ఉండాల్సినవన్నీ ఎడమకు పోయాయి, బిగించబోతే ఏదీ దాని చోట కూర్చోలేదు.

సూపర్‌వైజర్ జగన్మోహనరావుది తెనాలి. బోర్డులు తను చూడకముందే, బిగించేవాళ్ల ఫిర్యాదు విని డోరాను పిలిపించాడు. ప్రొబేషన్ ముగియడానికి తొమ్మిది రోజులుంది.

"ఏమ్మా, ఇదేం పని? నలభై బోర్డులు చెత్తలో పడేయాలి. ఈ అమ్మాయిని ఉంచుకుందామని పైవాళ్లకి ఏ మొహం పెట్టుకుని రాయను?"

"తప్పయింది సార్. ప్రెస్సు అలవాటు."

"నీ అలవాటు బోర్డుకి తెలుస్తుందా? మళ్లీ మొదట్నించీ అంటించాలంటే మూడు వారాలు. నీకేమో తొమ్మిది రోజులే ఉంది."

డోరా బల్ల మీది షీటు వైపు చూసింది. సీసమైతే విప్పి మళ్లీ పేర్చక తప్పదు. దీనికి అవతలి వైపు కూడా కనిపిస్తోంది.

"తిప్పి పెట్టి ఫోటో తీస్తే కాదా సార్?"

"అంత మాత్రం నాకు తెలీదనుకున్నావా? గీతలు సరవుతాయి, అంకెలు తిరగబడతాయి. బిగించేవాడు అద్దం పట్టుకుని చదువుకోవాలా?"

"అంకెలు గూడ తిరగేసే రాసిన గద సార్."

జగన్మోహనరావు కళ్లజోడు తుడుచుకున్నాడు. షీటు తిప్పి కిటికీ వెలుతురుకు పట్టి, వేలు పెట్టి ఒక్కో అంకె చదివాడు. నూట ఎనభై దాకా ఉన్నాయి. అన్నీ తిన్నగానే ఉన్నాయి.

"ఇవన్నీ చేత్తోనే రాశావా?"

"తిన్నగ రాసుడే నాకు కష్టం సార్."

షీటును తనే ఫోటో గదికి తీసుకెళ్లాడు. నాలుగు రోజులకు కొత్త బోర్డులొచ్చాయి, భాగాలన్నీ కూర్చున్నాయి. పాడైన నలభై బోర్డుల మెమో మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. దాని కింద జగన్మోహనరావు 'షీటు పనికొచ్చింది' అని ఒక్క లైను రాసి పైకి పంపాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం కాగితం వచ్చింది. పర్మనెంట్. ట్రేసర్, గ్రేడ్ రెండు. డోరా దాన్ని రెండుసార్లు చదివింది.

"దీని తర్వాత ఏముంటది సార్?"

"గ్రేడ్ ఒకటి. ఆ పైన డ్రాఫ్ట్స్‌మన్. దానికి సాయంత్రం కోర్సు చదవాలి, మూడేళ్లు."

"గా కోర్సు ఎన్నింటికి షురువైతది?"

"ఆరింటికి."

"నాలుగున్నర బస్సుకు ఇడిసిపెడ్తరా మరి?"

"సిరా ఆరనీయవమ్మా," అని వాచీ చూసుకున్నాడు. "సరే, అర్జీ రాసివ్వు. తిన్నగా రాయి."

కోర్సుకు మూడు కాదు, నాలుగేళ్లు పట్టింది. 1977లో డోరా డ్రాఫ్ట్స్‌మన్ అయింది. కొత్త ట్రేసర్లను మొదటి రోజే ఫోటో గదికి తీసుకెళ్లి చూపించడం ఆమె పెట్టిన పద్ధతే.