రెండు పెనాలు, ఒక బాలమణి

మొన్నీమధ్య బంద్ రోజు నేను చేసిన నిర్వాకం వింటే, నా పిహెచ్‌డీ తిరిగిచ్చేయమంటారు మీరు. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

నా ఉద్యోగం తెలుసు కదా. మాదాపూర్‌లో చిన్న ల్యాబ్, వంటపాత్రలకి నాన్‌స్టిక్ పూతలు తయారుచేస్తాం. విజిటింగ్ కార్డు మీద మెటీరియల్స్ కెమిస్ట్ అనే ఉంటుంది గానీ, తెనాల్లో మా పెద్దత్తయ్య దృష్టిలో నేను పెనాలకి రంగేసే పిల్లని. "దానికంత చదువెందుకే?" అంటుంది ఇప్పటికీ. మూడేళ్ళుగా ఒకే పూత మీద పడి ఉన్నాను. నూనె చుక్క లేకపోయినా గుడ్డు అంటుకోకూడదు, మంట ఎక్కువైనా చెడిపోకూడదు. అది చూడ్డానికి పుణె నుంచి పాత్రల కంపెనీ ఆయన వస్తున్నారు. ఆయనకి నచ్చితే సరి, లేకపోతే ప్రాజెక్టు మూసేస్తామని మా బాస్ మూర్తిగారు మొహం మీదే చెప్పేశారు.

సరిగ్గా ఆ రోజే బంద్! తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. ల్యాబ్‌కి రావడం కుదురుతుందో లేదో అని పెనాలు ముందురోజే ఇంటికి తీసుకెళ్ళమన్నారు మూర్తిగారు. "పన్నెండుకల్లా నేరుగా హైటెక్ సిటీ గెస్ట్‌హౌస్‌కి వచ్చేయమ్మా. ఆయనకి సాయంత్రం ఫ్లైటు."

పెనాలు రెండు. ఒకటో నంబరుకి మా పూత. రెండో నంబరుకి బజార్లో దొరికే మామూలు పూత, పక్కన పెట్టి తేడా చూపించడానికి. రెండూ ఒకే నలుపు, ఒకే సైజు, కవల పిల్లల్లా ఉంటాయి. గుర్తు కోసం అడుగున మార్కర్ పెన్నుతో 1, 2 అని రాశాను. ఆ పెన్ను గుర్తుపెట్టుకోండి.

పొద్దున్నే నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ ముందుండే యాదగిరి ఆటో ఎక్కాను. "గల్లీలల్ల నుంచి తీస్కపోత మేడం, ఫికర్ చెయ్యకుర్రి" అన్నాడు. ఏ గల్లీలో తిప్పాడో గానీ హఫీజ్‌పేట దగ్గర తేలాం. రోడ్డుకి అడ్డంగా వంటావార్పు! నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించి తింటారు. అదే వాళ్ళ నిరసన.

వంటల పెత్తనమంతా బాలమణి అనే ఆవిడది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో గరిటె. "ఏడికమ్మా? తిన్నంకనే పోవుడు" అంది.

"లేదండీ, అర్జెంటు మీటింగండీ" అన్నాను. ఆ రెండు 'అండి'లకే నాది ఏ ప్రాంతమో తెలిసిపోయింది. పెనాల సంచీ గట్టిగా పట్టుకున్నాను.

"ఆంధ్ర నుంచి వచ్చినవా? అయితే ఏంది, ఆకలైతలేదా? కూసో." కిచిడీ ప్లేటు చేతిలో పెట్టేసింది. నిజం చెప్పొద్దూ, ఆకలిగానే ఉంది. తింటూ అటూ ఇటూ చూశాను. అన్ని గిన్నెలూ పొయ్యిల మీదే ఉన్నాయి, గుడ్లు వేయించడానికి ఒక్కటీ ఖాళీ లేదు. బాలమణి చూపు నా సంచీ మీద పడింది. "ఆ పెంకలు జర ఇస్తవా?"

కాదనొచ్చు కదా! పోనీ, ఇస్తే రెండో నంబరు ఒక్కటే ఇవ్వొచ్చు కదా! కానీ కట్టెల పొయ్యి మీద మా పూతని ఎప్పుడూ పరీక్షించలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. పరీక్షంటే రెండూ పక్కపక్కనే పెట్టి చూడాలి, అది మా వృత్తి జబ్బు. చుట్టూ జనం కూడా ఉన్నారాయె. "రెండూ తీసుకోండి! ఒకదానికి గుడ్డు అసలు అంటుకోదు, చూడండి" అని డప్పు కొట్టుకున్నాను.

నేను "నూనె వద్దు" అనే లోపు బాలమణి రెండిట్లోనూ గరిటెడు నూనె పోసేసింది. ఇంకేముంది, రెండిట్లోనూ గుడ్లు జారాయి. "మా పెంక మీద గూడ గిట్లనే జారుతది" అన్నాడు ఎవరో. నా పరువు కూడా వాటితోపాటే జారింది.

అసలు ముప్పు తర్వాత వచ్చింది. మసి పట్టిన పెనాలని ఇద్దరు ఆడవాళ్ళు బూడిదేసి తళతళా తోమి తెచ్చిచ్చారు. తిరగేసి చూశాను. మసీ లేదు, 1 లేదు, 2 లేదు!  వాచీ చూస్తే పదకొండు. ల్యాబ్‌లో పూతని పరీక్షించే మిషనుంది, కానీ ల్యాబ్‌కి తాళం.

విషయం చెబితే బాలమణి నవ్వలేదు. "గింత పరేషాన్ ఎందుకు? నూనె లేకుండ ఇంకో రెండు గుడ్లు కొట్టి చూడు." కొట్టాను. ఒకదాంట్లో గుడ్డు బొంగరంలా తిరిగింది. రెండోదాంట్లో అతుక్కుపోయింది. హమ్మయ్య అనుకుని తిరిగినదాన్ని పిడి పట్టుకుని గుండెకి హత్తుకున్నంత పని చేశాను.

అప్పుడడిగాడు యాదగిరి, మెల్లగా. "మేడం, మంచిగున్నదే మీదని ఏం గ్యారంటీ?"

 మూడేళ్ళు పెంచిన పిల్లని గుంపులో గుర్తుపట్టలేకపోయాను! బాగా ఏడుపొచ్చింది. బాలమణి నా చేతిలోంచి పెనం తీసుకుని, ఖాళీ అయిన కిచిడీ గిన్నె అంచు చూపించింది. దాని మీద 'ఎం. బాలమణి' అని చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. పక్క గిన్నె మీద 'సత్తెమ్మ', ఆ పక్కదాని మీద 'గృహప్రవేశానికి మేనమామ'. "ఇరవై ఇండ్ల గిన్నెలు తెచ్చినం. మాపటికి ఎవలవి వాళ్ళింటికే పోతయి. గింత సదివినవ్, గిన్నె మీద పేరు కొట్టియ్యాలని తెల్వదా?"

తెలియకేం! మా అమ్మ నా పెళ్ళికి స్పూన్ల మీద కూడా కొట్టించింది.

దారి వాళ్ళే ఇచ్చారు. పన్నెండు దాటి పదినిమిషాలకి చేరాను. పుణె ఆయన ముందు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "సార్, ఒకటి బాగా పనిచేస్తోంది. అది మాదో కాదో మాత్రం తెలీదు" అన్నాను. మూర్తిగారు కళ్ళు మూసుకున్నారు. పుణె ఆయన మాత్రం జరిగిందంతా విని, "తన సరుకేదో తెలియదని చెప్పుకున్న మొదటి మనిషి మీరు. ల్యాబ్ రిపోర్టు పంపండి, అప్పుడు చూద్దాం" అని వెళ్ళిపోయారు. మర్నాడు మిషన్ మీద పెడితే, గుడ్డు తిరిగిన పెనమే మాది! కట్టెల మంటకీ, బూడిదకీ మా పూత చెక్కు చెదరలేదు. ప్రాజెక్టు నిలబడింది. చెరిగిపోయిందల్లా నా చేతిరాతే.

ఆ సాయంత్రమే నిజాంపేటలో స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి, పెనం పిడి మీద '1' కొట్టమన్నాను. కొట్టాయన ఎగాదిగా చూశాడు. "ఒక్క అంకెనా మేడం? ఇచ్చినవాళ్ళ పేరు వద్దా?"

ఒక పేరు చెప్పాను. నిన్న ల్యాబ్ మీటింగ్‌లో మూర్తిగారు ఆ పెనం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఒకటి. బాలమణి. ఎవరమ్మా ఈవిడ, సప్లయరా?"

"కాదండీ," అన్నాను, "నా పిహెచ్‌డీ గైడు చెప్పడం మర్చిపోయిన సంగతి చెప్పినావిడ."